పక్షవాతం తర్వాత చేతికి రోబో చికిత్సా, మామూలు ఫిజియోథెరపీనా? చేతి స్థితిని బట్టి ఎంచుకోండి

పక్షవాతం వచ్చిన మనిషి ఆసుపత్రి నుంచి ఇంటికి చేరాక అందరి కళ్లూ కాలి మీదే ఉంటాయి. గోడ పట్టుకుని బాత్రూము దాకా నడవగలిగితే చాలు, ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. చేయి మాత్రం ఒళ్లో అలాగే ఉండిపోతుంది. నెలలు గడిచి, వేళ్లు ముడుచుకుపోయి, చొక్కా తొడగడానికి కూడా చేయి లేవని స్థితి వచ్చాక కంగారు మొదలవుతుంది. సరిగ్గా అప్పుడే ఎవరో ఒకరు రోబోతో చేసే చికిత్స గురించి చెబుతారు. ఇంకొకరు ఆన్‌లైన్‌లో దొరికే గాలి గ్లౌజు కొనమంటారు. రోజూ ఇంటికి వచ్చే ఫిజియోథెరపిస్టు తన పద్ధతే మేలంటారు. ఎవరి మాట వినాలో తెలియక నలిగిపోతున్న కుటుంబాల కోసం ఇది రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఏ యంత్రం మంచిదన్న ప్రశ్నతో మొదలుపెడితే దారి తప్పుతాం. ఈ చేయి ఈ రోజు ఏం చేయగలుగుతోందో చూసి మొదలుపెట్టాలి. ఒకే యంత్రం ఒక చేతికి గొప్ప ఆసరా అవుతుంది, మరో చేతికి దండగ ఖర్చు అవుతుంది.

## ముందుగా చూడాల్సినవి

వేళ్లు తెరుచుకుంటున్నాయా? అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. పిడికిలి బిగించడం ముందు వస్తుంది, విప్పడం ఆలస్యంగా వస్తుంది, కొందరికి రానే రాదు. గ్లాసు పట్టుకోవాలంటే ముందు చేయి తెరుచుకోవాలి, పట్టుకున్నది వదలాలన్నా తెరుచుకోవాలి. ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. ముంజేతిని బల్ల మీద ఆనించి, వేళ్ల కింద ఒక చేతిరుమాలు పరవండి. దాన్ని ఎలాగోలా పట్టుకుని పైకి లేపి, మళ్లీ వదలమనండి. వదలగలిగితే ఆ చేతికి చాలా దారులు తెరిచి ఉన్నట్టే. పట్టుకుని వదలలేకపోతే ఒక స్థితి, అసలు కదలికే లేకపోతే మరో స్థితి. దానితోపాటు భుజాన్ని పక్కకు కాస్తయినా లేపగలుగుతున్నారా అన్నది కూడా చూడండి. నెదర్లాండ్స్‌లో జరిగి 2010లో వెలువడిన ఒక అధ్యయనంలో, పక్షవాతం వచ్చిన 72 గంటల్లోపు ఈ రెండు కదలికలూ కొంచెమైనా ఉన్నవారికి ఆరు నెలలకు చేతి పనితనం ఎంతో కొంత తిరిగి వచ్చే అవకాశం 98 శాతంగా తేలింది. రెండూ లేనివారికి అది 25 శాతం. తక్కువే, కానీ సున్నా కాదు.

ఎంత కాలం అయింది? మెదడు తనంతట తాను సర్దుకునే వేగం మొదటి మూడు నెలల్లో ఎక్కువగా ఉంటుంది. ఆ తర్వాత నెమ్మదిస్తుంది, అంతే తప్ప ఆగిపోదు. "ఆరు నెలలు దాటితే ఇక రాదు" అని ఎవరైనా చెప్పి ఉంటే ఆ మాట మనసులోంచి తీసేయండి. ఏళ్లు గడిచిన చేతుల్లో కూడా సాధనతో మెరుగుదల వచ్చిందని పరీక్షలు చూపించాయి. కానీ ఆ మొదటి నెలలు నాటు మందుల కోసం ఊళ్లు తిరగడంలో గడిచిపోతే ఆ నష్టాన్ని పూడ్చడం కష్టం. ఈ ఒక్క విషయంలో నాకు ఎప్పుడూ బాధ కలుగుతుంది.

అడ్డంకులు ఏమున్నాయి? కండరాల బిగుతు, భుజం నొప్పి, మాట అర్థం కాకపోవడం, ఒక పక్కను మెదడు పట్టించుకోకపోవడం. ఈ చివరిది చాలా ఇళ్లలో తెలియకుండా పోతుంది. మెదడు కుడివైపు దెబ్బతిన్న మనిషి కంచంలో కుడి సగం అన్నం తిని ఎడమ సగం వదిలేస్తుంటే, అది మొండితనం కాదు. ఆ ఎడమ పక్క ఉన్నట్టే ఆయనకు తెలియడం లేదు. అలాంటప్పుడు ఏ చికిత్సయినా ఆ లోపాన్ని కూడా కలుపుకుని నడవాలి.

ఎన్నిసార్లు చేయగలం? చేతికి కదలిక నేర్పడం అంటే లెక్కలేనన్ని సార్లు చేయించడం. అమెరికా, కెనడాల్లో పునరావాస కేంద్రాలను గమనించి 2009లో ప్రచురించిన ఒక పరిశీలనలో, ఒక మామూలు థెరపీ పూటలో చేతితో చేయించిన పనికొచ్చే కదలికలు సగటున 32 మాత్రమే. మరుసటి ఏడాది వెలువడిన ఒక రోబో పరీక్షలో ఒక్కో పూటకు సగటున వెయ్యికి పైగా కదలికలు చేయించారు. ఈ రెండు అంకెల మధ్య ఉన్న దూరమే రోబో ఎందుకు పుట్టిందో చెబుతుంది.

దూరం, డబ్బు, తోడు. వారానికి మూడు రోజులు, రెండు మూడు నెలలు సెంటరుకు తీసుకెళ్లగలిగే మనిషి ఇంట్లో ఉన్నారా? ఈ ప్రశ్నకు జవాబు లేకుండా డబ్బు కట్టిన ప్యాకేజీలు సగంలోనే ఆగిపోతుంటాయి.

## రోబో చికిత్స అంటే అక్కడ జరిగేది ఏమిటి

రోబో అనగానే మనిషి ఆకారంలో ఉన్న యంత్రాన్ని ఊహించుకుని వెళ్లిన పేషెంట్లు నిరాశ పడతారు. బల్ల పక్కన ఒక లోహపు చేయి, ఎదురుగా ఒక తెర ఉంటాయి.

ఈ రంగంలో ముందుగా నిలబడిన యంత్రం మిట్-మానస్. అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో నెవిల్ హోగన్, హెర్మానో క్రెబ్స్ దాన్ని రూపొందించారు. పేషెంటు ముంజేతిని ఒక తొట్టి లాంటి దానిలో ఉంచి పట్టీలతో బిగిస్తారు. తెర మీద మధ్యలో ఒక చుక్క, చుట్టూ గుండ్రంగా ఎనిమిది చుక్కలు కనిపిస్తాయి. వెలిగిన చుక్క దగ్గరకు చేతిని తోయాలి, మళ్లీ మధ్యకు తేవాలి. ఒకటి అయ్యాక ఇంకొకటి. పేషెంటు కదిలిస్తే యంత్రం అడ్డు రాదు. కదిలించలేక ఆగిపోతే కాసేపు చూసి, మెల్లగా ఆ దిక్కుకు నెడుతుంది. దారి తప్పితే సరిదిద్దుతుంది. చేయి మెరుగవుతున్న కొద్దీ సాయం తగ్గిస్తుంది.

ఈ "అవసరమైనంతే సాయం" అన్న సూత్రమే అసలు ప్రాణం. మొత్తం పని యంత్రమే చేసేస్తే పేషెంటు ప్రయత్నం మానేస్తాడు. అది ఆయన తప్పు కాదు, మన శరీరం తీరే అంత. తెర చూడకుండా, ఫోనులో మాట్లాడుతూ, చేతిని యంత్రానికి అప్పగించి కూర్చున్న పేషెంటు మీకు సెంటరులో కనిపిస్తే, అక్కడ జరుగుతున్నది కీళ్లు బిగుసుకోకుండా ఆడించడం మాత్రమే. దాని కోసం రోబో అక్కర్లేదు.

యంత్రాలు స్థూలంగా మూడు రకాలు. మొదటివి చేతి చివరను పట్టుకుని నడిపేవి, మిట్-మానస్ ఆ రకం. రెండోవి చేతి పొడవునా తొడుగులా అమరి భుజాన్ని, మోచేతిని, మణికట్టును విడివిడిగా నడిపేవి. స్విట్జర్లాండ్‌లో జ్యూరిక్ ఇటిహెచ్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్మిన్, దాని నుంచి వచ్చిన ఆర్మియో పవర్ ఈ రకం. ఆర్మియో స్ప్రింగ్ అన్నది చూడటానికి అలాగే ఉంటుంది కానీ అందులో మోటారు ఉండదు, స్ప్రింగులు చేతి బరువును మోస్తాయి, కదలిక పేషెంటుదే. కొంచెం కదలిక ఉన్నవారికి ఈ మోటారు లేని రకం చక్కగా సరిపోతుంది. మూడోవి వేళ్లకు, మణికట్టుకు ప్రత్యేకించినవి. ఆస్ట్రియాలో తయారయ్యే అమాదియో ఒక్కో వేలినీ విడిగా ముడిచి విప్పిస్తుంది.

మన దేశంలోనూ ఈ పని జరుగుతోంది. వేలూరు సీఎంసీ, ఐఐటీ మద్రాసు కలిసి ప్లూటో అనే చిన్న యంత్రాన్ని తయారు చేశాయి. పిడిని మార్చి ఒకే మోటారుతో మణికట్టుకు, ముంజేతికి, వేళ్లకు వేర్వేరు కసరత్తులు చేయించవచ్చు. ఢిల్లీ ఐఐటీ, ఎయిమ్స్ పరిశోధకులు మణికట్టుకూ వేళ్లకూ తొడిగే యంత్రాన్ని పరీక్షించారు. హైదరాబాద్ ఐఐటీలో మొదలైన బీఏబుల్ హెల్త్ సంస్థ ఆర్మేబుల్ పేరుతో ఆటల రూపంలో చేతికి కసరత్తు చేయించే పరికరాన్ని తెచ్చింది. విదేశీ యంత్రాల ధర చూసి వెనక్కి తగ్గిన ఆసుపత్రులు ఇలాంటివాటివైపు చూడటం నాకు నిజంగా సంతోషం కలిగించే విషయం.

## పరీక్షలు ఏం తేల్చాయి

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. అమ్మేవాళ్లు ఒక సగం, కొట్టిపారేసేవాళ్లు మరో సగం చెబుతుంటారు.

2018లో, వైద్య పరీక్షల ఫలితాలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 45 పరీక్షలను, 1619 మంది పేషెంట్లను కలిపి చూసింది. యంత్ర సాయంతో శిక్షణ పొందినవారిలో చేతి బలం, పనితనం, రోజువారీ పనులు చేసుకోవడం మెరుగయ్యాయని చెప్పింది. అదే సమయంలో ఆ మెరుగుదల పేషెంటు జీవితంలో ఎంత పెద్దదన్న విషయంలో జాగ్రత్తగా మాట్లాడింది.

అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల్లో 127 మందితో చేసి, 2010లో ప్రచురించిన పరీక్షలో అందరూ పక్షవాతం వచ్చి ఆరు నెలలు దాటినవారే. 12 వారాల్లో 36 పూటలు. అది ముగిసేసరికి రోబో వర్గానికీ, మామూలు వైద్యం పొందినవారికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. 36 వారాలకు చూస్తే రోబో వర్గం మామూలు వైద్యం కంటే కాస్త ముందుంది. అయితే మూడో వర్గం ఒకటి ఉంది. అందులో రోబో లేకుండా, థెరపిస్టులే అంత తీవ్రంగా సాధన చేయించారు. రోబో ఆ వర్గాన్ని మించలేదు.

2019లో బ్రిటన్ నుంచి వచ్చిన పరీక్ష ఇంకా పెద్దది, 770 మంది. వారానికి మూడు రోజులు, పూటకు 45 నిమిషాలు, 12 వారాలు. మూడు నెలలకు అనుకున్న మేర చేయి మెరుగుపడినవారు రోబో వర్గంలో 44 శాతం, అంతే సమయం థెరపిస్టు చేతుల మీదుగా సాధన చేసిన వర్గంలో 50 శాతం, మామూలు వైద్యంలో 42 శాతం. గణాంకాల లెక్కలో ఇవి వేరు అనదగినంత వేరు కావు. పెట్టిన ఖర్చుకు తగ్గ ఫలితం లేదని కూడా ఆ పరీక్ష తేల్చింది.

2014 నాటి స్విస్ పరీక్షలో, 77 మందిలో, తొడుగు రోబో వర్గం మామూలు థెరపీ కంటే ముందుకెళ్లింది. ఎంత? చేతి కదలికలకు మార్కులు వేసే 66 మార్కుల ఫ్యూగల్-మేయర్ పరీక్షలో ఒక మార్కు కంటే తక్కువ. పళ్లెం ముందు కూర్చున్న మనిషికి తెలిసే తేడా కాదది.

వీటన్నిటినీ కలిపి నేను అర్థం చేసుకున్నది ఇదీ. రోబోలో మాయ లేదు, అది సాధన సంఖ్యను పెంచే సాధనం. అన్నే సార్లు మనిషి చేయించగలిగితే మనిషి చాలు. మన దేశంలో ఒక థెరపిస్టు రోజంతా ఒకరి తర్వాత ఒకరిని చూస్తుంటే, ఒక్కొక్కరి దగ్గర గంటసేపు కూర్చుని వందల సార్లు చేయించడం కుదరదు. అక్కడ యంత్రానికి అర్థం ఉంది. యంత్రం మీద నేర్చిన కదలిక గ్లాసు దాకా, గుండీ దాకా వచ్చేలా చేసే పని మాత్రం ఇంకా మనిషిదే.

## మిగతా దారులు

చేతి పనులతో తీవ్ర సాధన. పేరు చూసి చిన్నచూపు చూడకండి. ఆక్యుపేషనల్ థెరపిస్టు గానీ, ఫిజియోథెరపిస్టు గానీ పేషెంటుకు కావాల్సిన పనినే ముక్కలు చేసి నేర్పుతారు. స్టీలు గ్లాసు పట్టుకోవడం, సబ్బు రుద్దుకోవడం, జడ పాయలు విడదీయడం, లుంగీ ముడి వేయడం, అన్నం కలిపి ముద్ద చేయడం. ముద్ద చేయడాన్ని కాస్త గమనించండి. నాలుగు వేళ్లు దగ్గరకు రావాలి, బొటనవేలు వాటిని తాకాలి, ముంజేయి తిరగాలి, మోచేయి ముడవాలి, చివరికి బొటనవేలు అన్నాన్ని నోట్లోకి తోయాలి. ఏ తెర మీది ఆటా ఇన్నిటిని కలిపి నేర్పదు. ఈ దారికున్న బలహీనత ఒక్కటే. చాలా చోట్ల పేరుకు థెరపీ జరుగుతుంది, సంఖ్య ఉండదు. చేతిని అటూ ఇటూ ఆడించి, కరెంటు పెట్టి, ఇరవై నిమిషాల్లో ముగించేస్తే అది సాధన కాదు.

మంచి చేతిని కట్టడి చేసే చికిత్స. అమెరికాలో ఎడ్వర్డ్ టాబ్ పరిశోధనల నుంచి వచ్చింది. బాగున్న చేతికి మందపాటి తొడుగు వేసి, మెలకువగా ఉన్నంతసేపూ దాదాపుగా బలహీనమైన చేతితోనే పనులు చేయిస్తారు. రోజూ గంటల తరబడి శిక్షణ ఉంటుంది, రెండు వారాల పాటు. 2006లో వెలువడిన ఎక్సైట్ పరీక్షలో, పక్షవాతం వచ్చి 3 నుంచి 9 నెలలైన 222 మంది పాల్గొన్నారు. మెరుగుదల ఏడాది తర్వాత కూడా నిలిచింది. అయితే దీనికి అర్హత ఉండాలి. మణికట్టు, వేళ్లు కనీసం కొంచెం, సుమారు పది డిగ్రీలు, వెనక్కి లేవాలి. అసలు కదలని చేతికి ఇది శిక్షే అవుతుంది.

మన ఇళ్లలో దీనికి పెద్ద అడ్డంకి ప్రేమే. నాన్నగారు గ్లాసు పట్టుకోలేక అవస్థ పడుతుంటే చూస్తూ ఊరుకోలేక కూతురు వెళ్లి పట్టుకుంటుంది, కోడలు తినిపించేస్తుంది. ఆ రెండు వారాలూ ఇంటివాళ్లు తమను తాము ఆపుకోగలగాలి. అదే సమయంలో వేడి గిన్నెల దగ్గర, స్నానాల గదిలో, కర్ర పట్టుకుని నడిచేటప్పుడు తొడుగు ఉండకూడదు. పడిపోతే మొదటికే మోసం వస్తుంది.

అద్దం చికిత్స. కోల్పోయిన చేయి ఇంకా ఉన్నట్టు నొప్పి పుట్టేవారి కోసం డాక్టర్ వి.ఎస్. రామచంద్రన్ ఆలోచించిన పద్ధతి ఇది, తర్వాత పక్షవాతానికి వచ్చింది. రెండు చేతుల మధ్య నిలువుగా అద్దం పెట్టి, బలహీనమైన చేతిని దాని వెనక ఉంచుతారు. బాగున్న చేతిని కదిలిస్తూ అద్దంలో చూస్తే పడిపోయిన చేయే కదులుతున్నట్టు కనిపిస్తుంది. 2018 కాక్రేన్ సమీక్ష 62 అధ్యయనాలు, 1982 మందిని పరిశీలించి చేతి కదలికకు మేలు ఉందని చెప్పింది. ఖర్చు ఒక అద్దం. ఇంత చవకైనది కాబట్టి దీన్ని ఎవరూ గట్టిగా చెప్పరు. ఒంటరిగా సరిపోదు, పక్క వాయిద్యంగా బాగుంటుంది.

కరెంటుతో కండరాలను లేపడం. ముంజేతి వెనక వైపు ప్యాడ్లు అంటించి, వేళ్లు విప్పే కండరాలకు స్వల్ప విద్యుత్తు ఇస్తారు. కరెంటు వచ్చే క్షణంలోనే పేషెంటు కూడా విప్పడానికి ప్రయత్నిస్తూ, ఒక వస్తువును వదలడం లాంటి పనితో కలిపి చేస్తే ఉపయోగం. పడుకోబెట్టి ప్యాడ్లు పెట్టి వెళ్లిపోవడం వేరే సంగతి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారికి పెట్టకూడదు, మూర్ఛలున్నవారు డాక్టరును అడగకుండా పెట్టించుకోకూడదు.

గాలి గ్లౌజులు. కొన్ని వేల రూపాయలకు దొరుకుతాయి. గాలి నింపి వేళ్లను ముడిచి విప్పుతాయి. కీళ్లు బిగుసుకుపోకుండా ఉండటానికి, చేతిని గుర్తు చేస్తూ ఉండటానికి పనికొస్తాయి. పేషెంటు ప్రయత్నాన్ని చాలా గ్లౌజులు పసిగట్టలేవు, కాబట్టి వీటిని రోబో చికిత్సతో ఒకే గాటన కట్టకండి. బాగా బిగుసుకున్న వేళ్లకు బలవంతంగా తొడిగితే నొప్పి, వాపు వస్తాయి.

మెడలోని వేగస్ నరానికి చిన్న పరికరం అమర్చి, సాధన చేసే క్షణంలోనే దాన్ని ప్రేరేపించే పద్ధతి ఒకటి ఉంది. 108 మందితో చేసిన పరీక్ష తర్వాత 2021లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఆపరేషన్ కావాలి, ఖర్చు పెద్దది. మన కుటుంబాలు ఇప్పుడు దాని కోసం ఆగాల్సిన పని లేదు.

## ఒక చూపులో

| దారి | ఎలాంటి చేతికి | మేలు | లోటు | ఇంట్లో కుదురుతుందా |
|---|---|---|---|---|
| భుజం, మోచేయి రోబో | కదలిక చాలా తక్కువ, చేయి బరువు మోయలేని స్థితి | వందల కొద్దీ కదలికలు, పక్కాగా కొలత | ఖర్చు, ప్రయాణం, వేళ్లకు నేరుగా సాయం లేదు | లేదు |
| వేళ్లు, మణికట్టు రోబో | భుజం కొంత ఉండి వేళ్లు తెరుచుకోనివారికి | అసలు అవసరమైన చోట సాధన | కొద్ది చోట్లే దొరుకుతుంది | చిన్న యంత్రాలైతే కొంతవరకు |
| పనులతో తీవ్ర సాధన | కొంచెమైనా కదలిక ఉన్న ప్రతి చేతికి | నేరుగా జీవితంలోకి వస్తుంది | మంచి థెరపిస్టు, ఓపిక కావాలి | అవును |
| మంచి చేతి కట్టడి | వేళ్లు, మణికట్టు లేపగలిగినవారికి | ఫలితం చాలాకాలం నిలుస్తుంది | అలసట, విసుగు, పడిపోయే భయం | థెరపిస్టు పర్యవేక్షణతో |
| అద్దం | కదలిక లేనివారికి కూడా | దాదాపు ఖర్చు లేదు | ఏకాగ్రత కావాలి | అవును |
| కరెంటు ప్రేరణ | వేళ్లు విప్పలేనివారికి | సరైన కండరం లేస్తుంది | పనితో కలపకపోతే వృథా | నేర్చుకున్నాక |
| గాలి గ్లౌజు | కీళ్లు కాపాడుకోవడానికి | చవక | ప్రయత్నం లేని కదలిక | అవును |

## మీరు ఏ స్థితిలో ఉన్నారు?

మూడు నెలల లోపు, చేయి దాదాపు కదలడం లేదు. రోబోకు ఎక్కువ అర్థం ఉన్నది ఇక్కడే. పేషెంటు ఒంటరిగా మొదలుపెట్టలేడు, థెరపిస్టు బరువు మోస్తూ వందల సార్లు చేయించలేడు. దగ్గర్లో మంచి సెంటరు ఉండి, డాక్టరు సరేనంటే వెళ్లండి. అదే రోజు అద్దం, కరెంటు ప్రేరణ కూడా జోడించండి. ఈ దశలో అన్నిటికంటే ముందు భుజాన్ని కాపాడాలి. కండరాలు వదులైన భుజం కీలు కిందికి జారి ఉంటుంది. ఆ చేయి పట్టుకుని మనిషిని మంచం మీంచి లేపకండి, చంకల కింద చేతులు పెట్టి గుంజకండి. దూలానికి తాడు, కప్పీ కట్టి చేతిని పైకి లాగించే అలవాటు కొన్ని చోట్ల ఇంకా ఉంది. అది భుజాన్ని పాడు చేస్తుంది.

వేళ్లు కొంచెమైనా విప్పగలరు. మీ డబ్బు రోబో మీద పెట్టకండి. చేతిరుమాలు పరీక్షలో వదలగలిగిన మనిషికి మంచి చేతి కట్టడి, పనులతో సాధన, ఈ రెండే ఎక్కువ ఇస్తాయని నా గట్టి నమ్మకం. సెంటరువాళ్లు రోబో ప్యాకేజీ చూపిస్తే, అంతే సమయం ఆక్యుపేషనల్ థెరపిస్టుతో ఇవ్వగలరా అని అడగండి. బ్రిటన్ పరీక్షలో ఆ వర్గం రోబో కంటే వెనకబడలేదని గుర్తుంచుకోండి.

ఏడాది దాటింది, పిడికిలి బిగుసుకుపోయింది. ముందు బిగుతు సంగతి చూడాలి. బిగిసిన చేతిని ఏ యంత్రంలో పెట్టినా అది బిగుతుతోనే కుస్తీ పడుతుంది. కండరాల బిగుతును తగ్గించే బొట్యులినం ఇంజెక్షన్ పనికొస్తుందేమో న్యూరాలజిస్టును, లేదా పునరావాస వైద్య నిపుణుణ్ని అడగండి. దాని ప్రభావం సుమారు మూడు నెలలు ఉంటుంది. ఆ మూడు నెలలనే సాధనకు వాడుకోవాలి. ఇంజెక్షన్ తీసుకుని ఊరుకుంటే చేయి మళ్లీ పాత దారి పడుతుంది. వేళ్ల రోబో గానీ, కరెంటు ప్రేరణ గానీ ఆ సమయంలో జత చేస్తే ఫలితం బాగుంటుంది. అలాగే రబ్బరు బంతి నొక్కడం ఆపేయండి. ప్రతి ఇంట్లోనూ ఇదే సలహా ఇస్తారు, కానీ ఈ చేతికి నొక్కడం వచ్చు, విప్పడమే రాదు.

ఊరు దూరం, సెంటరుకు రోజూ వెళ్లలేం. రోబో లేదని కుంగిపోకండి. కెనడాలో 103 మంది ఆసుపత్రి పేషెంట్లతో చేసిన ఒక పరీక్ష 2009లో వెలువడింది. థెరపిస్టు ఒక కసరత్తుల పుస్తకం, చిన్న సామాను పెట్టె ఇచ్చి, రోజుకు గంట చొప్పున, వారానికి ఆరు రోజులు, నాలుగు వారాలు పేషెంటు చేతే చేయించారు. చేతి వాడకం స్పష్టంగా పెరిగింది. సామాను ఏముంటుంది? గ్లాసులు, బట్టల క్లిప్పులు, తువ్వాలు, చిన్న చిన్న వస్తువులు. ఇవి ప్రతి ఇంట్లో ఉంటాయి. అయితే ఒక హెచ్చరిక. మన దేశంలో 14 ఆసుపత్రుల్లో 1250 మందితో జరిపిన అటెండ్ పరీక్ష 2017లో వచ్చింది. అది చేతి గురించి మాత్రమే కాదు, మొత్తం కోలుకోవడం గురించి. కుటుంబ సభ్యులకు శిక్షణ ఇచ్చి పంపినా, ఆరు నెలలకు చనిపోయినవారి, ఇతరుల మీద ఆధారపడినవారి వాటా శిక్షణ పొందిన, పొందని రెండు వర్గాల్లోనూ దాదాపు ఒకటే. ఇంటివాళ్లకు కాసేపు నేర్పి పంపితే సరిపోదన్నది దాని నుంచి నేను తీసుకున్నది. కాబట్టి నెలకు రెండుసార్లయినా థెరపిస్టు దగ్గరకు వెళ్లి కసరత్తులు మార్పించుకోండి. మధ్యలో వీడియో కాల్‌లో చూపించండి.

పిల్లలు విదేశాల్లో ఉన్నారు, యంత్రం కొని పంపుతామంటున్నారు. ఆ ప్రేమకు దండం. కానీ గదిలో మూల నిలబెట్టిన యంత్రం ఎవరి చేతినీ కదిలించదు. దాన్ని అమర్చాలి, పట్టీలు బిగించాలి, పక్కన కూర్చుని మరొక్కసారి అనాలి. అదే డబ్బుతో ఆరు వారాల పాటు రోజూ గంటసేపు మంచి థెరపిస్టు ఇంటికి వచ్చే ఏర్పాటు చేయండి. మిగిలిన సమయంలో సాధన చేయించడానికి ఒక మనిషిని పెట్టండి. యంత్రమే పంపాలనుకుంటే, ముందు ఇక్కడి థెరపిస్టుతో మాట్లాడి, పేషెంటుతో కొన్ని పూటలు చేయించి చూశాకే కొనండి.

## సెంటరులో డబ్బు కట్టే ముందు

చేతి పరీక్ష చేయకుండానే ప్యాకేజీ ధర చెప్పే చోటు నుంచి లేచి వచ్చేయండి. మొదటి రోజే ఫ్యూగల్-మేయర్ గానీ, వస్తువులను పట్టుకోవడం, లేపడం చూసే 57 మార్కుల ఆరాట్ పరీక్ష గానీ చేసి, మార్కులు కాగితం మీద రాసి ఇవ్వమని అడగండి. రోబో మార్కులు వేరు, చేతి మార్కులు వేరు. తెర మీది ఆటలో స్కోరు పెరగడం ఆట వంటబట్టినందువల్ల కూడా జరుగుతుంది.

తర్వాత ఈ సంగతులు తెలుసుకోండి. ఒక పూటలో ఎన్ని కదలికలు చేయిస్తారు? యంత్రం సాయం ఎంత ఇస్తోందో తెర మీద కనిపిస్తుందా, అది వారం వారం తగ్గిస్తారా? రోబో ముందు కూర్చున్నంతసేపూ థెరపిస్టు పక్కన ఉంటారా? రోబో అయ్యాక అదే రోజు నిజమైన వస్తువులతో సాధన ఉంటుందా? ఈ చివరి ప్రశ్నకు లేదని జవాబు వస్తే, మిగతా జవాబులు ఎంత బాగున్నా నేనైతే ఆ సెంటరును ఎంచుకోను.

ఆరోగ్య బీమా ఉంటే పాలసీ పత్రం తెరిచి చూడండి. ఆసుపత్రిలో చేరినప్పటి ఖర్చు వచ్చినా, తర్వాత బయటి పేషెంటుగా చేసుకునే ఫిజియోథెరపీకి చాలా పాలసీలు ఇవ్వవు, ఇచ్చినా పరిమితి ఉంటుంది. ముందే బీమా సంస్థకు రాసి జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

పన్నెండు వారాలకు ఒకేసారి కట్టమంటే ఒప్పుకోకండి, నాలుగు వారాలకు కట్టండి. ఆ తర్వాత మళ్లీ అదే పరీక్ష, అదే మనిషి చేత చేయించండి. దానితోపాటు ఇంట్లో ఒక పని ఎంచుకోండి, ఉదాహరణకు గ్లాసును బల్ల మీంచి లేపి తిరిగి పెట్టడం. మొదటి రోజు, నాలుగో వారం చివర ఫోనులో వీడియో తీయండి. మార్కులూ పెరగక, వీడియోలోనూ తేడా కనిపించకపోతే, ఆ వీడియోలు రెండూ థెరపిస్టుకు చూపించి పద్ధతి మార్చమని అడగండి. సాయం ఎక్కువైందా, బిగుతు అడ్డు వస్తోందా, వేళ్లకు వెళ్లాల్సిన సమయం భుజం దగ్గరే ఆగిపోయిందా అన్నది వాళ్లు వెతకాలి. జవాబు "ఇంకో నాలుగు వారాలు ఇలాగే చూద్దాం" అన్నదే అయితే, ఆ కాగితం, ఆ వీడియోలు పట్టుకుని మరో పునరావాస నిపుణుణ్ని కలవండి.